ఎండ తగిలిన టీకా మందు

1943 జూన్‌లో నన్ను మేడ్చల్ తాలూకాకు టీకాల ఉద్యోగిగా వేశారు. నేను చెప్పబోయేది మరుసటి ఏడాది మార్చిలో జరిగింది. మా హోదాల్లో నాది అట్టడుగు మెట్టు. నా పైన ఇన్‌స్పెక్టరు, ఆయన పైన పట్నంలో కూర్చునే సూపరింటెండెంటు. నా కింద ఎవరూ లేరు, నా సైకిలు తప్ప. దానికి కూడా నా మాటంటే పెద్ద లెక్క ఉండేది కాదు.

ఇప్పుడు యాప్రాల్‌లో మా చర్చికి వచ్చే కుర్రవాళ్లు, మశూచి అంటే ఏమిటి తాతా అని అడుగుతున్నారు. ఆ జబ్బే లేకుండా పోయింది కనుక అడగగలుగుతున్నారు. ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. ప్రతి వీధిలోనూ దాని మచ్చలున్న ముఖం ఒకటి ఉండేది.

మా పనిలో అసలు కష్టమంతా మందును కాపాడుకోవడమే. దూడల చర్మం మీద పెంచి తీసిన ఆ మందు సన్నని గాజు గొట్టాల్లో, రెండు చివరలూ మూసి, పట్నం నుంచి రైల్లో వచ్చేది. అది ప్రాణం ఉన్న మందు. వేడి తగిలితే చస్తుంది. చచ్చిన తరువాత కూడా చూపుకు ఏమీ తేడా ఉండదు. అందుకని గొట్టాలను డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక నింపిన మట్టి కుండలో పూడ్చి, కుండ చుట్టూ తడి గోనెగుడ్డ చుట్టి తీసుకుపోయేవాళ్లం. దారిలో ప్రతి బావి దగ్గరా ఆగి గుడ్డ తడపాలని నియమం. మందుకు ఎండ తగిలిందన్న అనుమానం వస్తే ఆ గొట్టాలన్నీ పారేసి, కొత్త వాటికి అర్జీ పెట్టుకుని, అవి వచ్చేదాకా ఆగాలి. కనీసం అయిదు రోజులు పట్టేది.

బిడ్డ చేతిని సబ్బు నీళ్లతో కడిగి ఆరనిచ్చి, మందు చుక్క వేసి, చిన్న కత్తితో నాలుగు చోట్ల సన్నగా గీకాలి. రక్తం కారకూడదు. ఎనిమిదో రోజున మళ్లీ వెళ్లి చేయి చూడాలి. గీకిన చోట నిండు పొక్కు లేచి చుట్టూ ఎర్రగా ఉంటే టీకా పట్టినట్టు. ఎండిపోయిన గీతలు మాత్రమే ఉంటే పట్టనట్టు. పట్టకపోతే రెండోసారి, అదీ కాకపోతే మూడోసారి వేయాలి. మూడోసారీ పట్టకపోతే రిజిస్టరులో ఆ బిడ్డకు టీకా పట్టదని రాసి వదిలేసేవాళ్లం.

ఆ ఏడాది నా పరిస్థితి కూడా కొంచెం అలాగే ఉండేది. మేడ్చల్ వచ్చిన మూడో నెలలో మా రెండేళ్ల పాప చలిజ్వరంతో చనిపోయింది. ఊళ్లో బిడ్డలందరి చేతులూ పట్టుకుని చూసేవాణ్ణి, నా బిడ్డ చేయి పట్టుకుని ఏమీ చేయలేకపోయాను. ఆ తరువాత నాకు ప్రార్థన ఆగిపోయింది. దేవుడి మీద కోపం వచ్చి మానేశానని చెప్పుకుంటే కొంత గౌరవంగా ఉండేది కానీ అది నిజం కాదు. మోకాళ్లూనేవాణ్ణి, కళ్లు మూసుకునేవాణ్ణి, లోపల ఏమీ ఉండేది కాదు. దేవుడు లేడనీ అనిపించేది కాదు, ఉన్నాడనీ అనిపించేది కాదు. మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇచ్చేవారు. రొట్టె, ద్రాక్షారసం తీసుకోని వాళ్లు వెనక బెంచీకి పోయి కూర్చోవడం వాడుక. ఆరు నెలలుగా నేను వెనక బెంచీలోనే ఉన్నాను. నా భార్య సుగుణమ్మ మాత్రం ముందు చాప మీద, తన పక్కన నాకు కొంచెం చోటు వదిలి కూర్చునేది. ఆ చోటు చూస్తే నాకు ఒళ్లు మండేది.

మార్చి మూడో వారంలో శామీర్‌పేటలో ఒక ఇంట్లో అమ్మవారు పోసిందని కబురు వచ్చింది. వెంటనే పోయి ఆ వాడ పిల్లలందరికీ టీకాలు వేయమని ఇన్‌స్పెక్టరు తాకీదు పంపాడు. అంతకు ముందు రెండుసార్లు పోతే ఆ వాడ తలుపులు తెరుచుకోలేదు. ఈసారి జబ్బు భయానికి తల్లులు ఒప్పుకున్నారు. మంగళవారం పొద్దున్నే కుండను సైకిలు వెనక కట్టుకుని బయలుదేరాను.

దారిలో దేవరయాంజాల్‌లో ఏలియమ్మ అనే ముసలావిడ ఇంటి ముందు ఆమె కోడలు నన్ను ఆపింది. ఏలియమ్మ మా చర్చి మనిషే. పది రోజులుగా మంచం మీద ఉంది. మాలో ఒక పద్ధతి ఉంది. జబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు నుంచి విశ్వాసి ఎవరు పోతున్నా లోపలికి పిలుస్తారు, పిలిచాక ప్రార్థన చేయకుండా పోవడం ఉండదు. పాస్టరు గారే కానక్కర్లేదు, నాలుగు అక్షరాలు వచ్చిన వాడైతే చాలు. పని ఉందని చెప్పవచ్చు. కానీ అంతకంటే చిన్నతనం ఇంకోటి లేదు. సైకిలును వేపచెట్టు నీడలో నిలబెట్టి లోపలికి పోయాను.

మంచం పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాను. ‘ప్రభువా’ అన్నాను. ఆ తరువాత మాట రాలేదు. ఇంట్లో వాళ్లంతా తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు. మళ్లీ ‘ప్రభువా’ అన్నాను. ఎన్నో ఏళ్లుగా నోటికి వచ్చిన వాక్యాలు ఒక్కటీ దొరకలేదు. చెమటలు పట్టాయి. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. చివరికి మంచం మీది నుంచి ఏలియమ్మే నా చేయి పట్టుకుంది.

“ప్రభువా, గీ పిలగానికి నోరు వస్తలేదు. వాని బదులు నువ్వే మాట్లాడుకో తండ్రీ” అని మొదలుపెట్టింది.

అక్కడితో ఆపలేదు. నా కోసం, సుగుణమ్మ కోసం, పోయిన మా పాప కోసం, నా సైకిలు కోసం కూడా ప్రార్థించింది. జబ్బు ఆమెది, ప్రార్థన నాకు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమేన్ అన్నాక కోడలు మజ్జిగ ఇచ్చింది. వద్దనలేక తాగి బయటికి వచ్చాను.

వేపచెట్టు నీడ జరిగిపోయింది. కుండ మండుటెండలో ఉంది. గోనెగుడ్డ ఎండి కరకరలాడుతోంది. కుండ మీద చేయి పెట్టి వెంటనే తీసేశాను. అంత వేడిగా ఉంది.

నియమం ఏమిటో నాకు తెలుసు. గొట్టాలు పారేసి వెనక్కి తిరగాలి. కానీ శామీర్‌పేటలో తల్లులు పిల్లలను పట్టుకుని కూర్చున్నారు. ఈ రోజు పోకపోతే ఆ తలుపులు మళ్లీ మూసుకుంటాయి. అయిదు రోజులంటే ఆ జబ్బుకు చాలా ఎక్కువ. ఇసుక అడుగున ఇంకా చల్లగా ఉండవచ్చు, కొన్ని గొట్టాలైనా బతికి ఉండవచ్చు అనుకున్నాను. ఇవన్నీ నిజమైన కారణాలే. వీటి అడుగున ఇంకో కారణం ఉంది. మందు ఎందుకు ఎండలో పెట్టావని ఇన్‌స్పెక్టరు అడిగితే, ప్రార్థన చేయబోయి చేయలేక నిలబడిపోయానని చెప్పాలి. ఆ మాట చెప్పలేను. గుడ్డ తడిపి ముందుకే పోయాను.

శామీర్‌పేటలో ఆ వాడకు పెద్ద దిక్కు ఖాసింబీ. గాజులమ్మే ఆమె. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ల చేతులకు గాజులు ఎక్కించడం ఆమె పని కనుక, ఏ ఇంటి సంగతైనా ఆమెకు తెలుసు, ఆమె మాటంటే అన్ని ఇళ్లలోనూ గురి. కొడుకూ కోడలూ లేరు, నాలుగేళ్ల మనవరాలు రబియా ఒక్కతే ఉంది. ముందు తన మనవరాలికి వేయించి, తరువాత మిగతా వాళ్లను రమ్మంటానని చెప్పింది. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వు కిరస్తానమోనివి గదా బేటా. నీకు నీ దేవుని మీద యకీన్ ఉందా?”

యకీన్ అంటే నమ్మకం. ఉందమ్మా అన్నాను.

“పక్కా యకీన్ ఉందా?”

పక్కా ఉందన్నాను.

“గట్లయితే వెయ్యి. యకీన్ ఉన్నోని చెయ్యి మంచిగుంటది.”

ఆ రోజు ఇరవై ముగ్గురు పిల్లలకు వేశాను.

ఆ తరువాతి ఎనిమిది రోజులు నా ఉద్యోగకాలంలోకెల్లా పొడవైనవి. మందు పట్టేలా చేయమని దేవుణ్ణి అడుగుదామని కూర్చునేవాణ్ణి. చచ్చిన మందు పట్టాలని అడగడం ఏమిటని నాకే అనిపించేది. బతికి ఉంటే అడగకపోయినా పడుతుంది. మరి అడగడం దేనికి? ఖాసింబీకి అబద్ధం చెప్పిన నోటితో అడిగితే ఆయన వింటాడా? వినకపోతే శిక్ష పిల్లలకు ఎందుకు? ఒక ప్రశ్న విప్పబోతే ఇంకో ప్రశ్న ముడిపడేది. బుర్ర పనిచేయడం మానేసింది. నాలుగో రోజున సుగుణమ్మకు అంతా చెప్పాను.

“పోయి చెప్పుండ్రి. ఎనిమిదో దినం దాంక ఎందుకు?” అంది.

ఆమె చెప్పింది నిజం. నేను పోలేదు. కొన్నైనా పట్టి ఉంటాయేమో, ఇప్పుడే అల్లరి ఎందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క మంచి పని మాత్రం అంతకు ముందే చేసి ఉన్నాను. శామీర్‌పేట నుంచి వచ్చిన మర్నాడే కొత్త గొట్టాలకు అర్జీ పెట్టాను. అందులోనూ వేరే ఊరికని రాశాను. అవి సోమవారం సాయంత్రం రైల్లో వచ్చాయి.

ఎనిమిదో రోజు, మంగళవారం, శామీర్‌పేటకు ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చాడు. ఉర్దూ తప్ప మాట్లాడడు, అనవసరంగా అదీ మాట్లాడడు. పిల్లలను ఒక వరుసలో నిలబెట్టి చేతులు చూసుకుంటూ పోయాం. పద్నాలుగు మందికి పొక్కులు లేచాయి. తొమ్మిది మందికి లేవలేదు. ఆ తొమ్మిది మందిలో రబియా ఒకతి. చిన్న చేతి మీద నాలుగు ఎండు గీతలు, అంతే. ఖాసింబీ ఆ చేతిని ముందే చూసుకుని ఉంది. చేతులు చూడడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు నన్ను తప్పు పట్టలేదు. ఎండాకాలంలో కొన్ని పట్టకపోవడం మామూలేనని, తొమ్మిది మందికీ రెండోసారి వేయమని చెప్పి రిజిస్టరులో సంతకం పెట్టబోయాడు. పట్టలేదు అనే గడి ఉంది గానీ, ఎందుకు పట్టలేదో రాయడానికి గడి లేదు. నేను నోరు మూసుకుంటే కథ అక్కడితో అయిపోయేది. ఎందుకు మూసుకోలేదో ఈనాటికీ సరిగా చెప్పలేను. ధైర్యం కాదు. లోపల దాచుకుని ఉండే ఓపిక అయిపోయింది, అంతే.

ఉర్దూలో ఇన్‌స్పెక్టరుకు, తెలుగులో ఖాసింబీకి చెప్పాను. మందు ఎండలో ఉందని తెలిసే వేశాను. యకీన్ ఉందని చెప్పింది అబద్ధం. మా పాప పోయినప్పటి నుంచి నాకు యకీన్ లేదు. ఈ రోజు తెచ్చింది మాత్రం మంచి మందే. ఇన్‌స్పెక్టరు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న తల్లులు ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఖాసింబీ చేయెత్తి వాళ్లను ఆపింది.

“ఆ దినం యకీన్ ఉందన్నవ్, మందు ఖరాబున్నది. ఇయ్యాల యకీన్ లేదంటున్నవ్, మంచి మందు తెచ్చిన అంటున్నవ్. ఇగ నేను ఏది నమ్మాలె? మస్తు పరేషాన్ జేస్తున్నవ్ గదా బేటా.”

ఆమె అడిగింది ఎగతాళికి కాదు. నిజంగానే ఆమెకు తెలియలేదు, నాకూ తెలియలేదు. నా దగ్గర పనికొచ్చే జవాబు ఒక్కటే ఉంది.

“నన్ను నమ్మకు అమ్మా. నా యకీనుతోని మందుకు ఏం పని లేదు. మందు నిన్న వచ్చింది, తడి కుండల ఉన్నది. దాన్ని చూసి నమ్ము.”

ఆమె లేచి వచ్చింది. తడి గోనెగుడ్డ తొలగించి కుండ మీద అరచేయి ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది.

“సల్లగున్నది” అంది.

తిరిగి పోయి కూర్చుని రబియాను ఒళ్లోకి లాక్కుంది. గాజులు ఎక్కించేటప్పుడు పట్టినట్టు ఆ పిల్ల చేతిని ఒడుపుగా పట్టుకుని నా ముందుకు చాపింది. “వెయ్యి” అంది. రబియాకు నా మీద యకీను లేదు, మందు మీద అంతకన్నా లేదు. గింజుకుంది, తన్నింది, నా మణికట్టు కొరికింది. ఖాసింబీ చేయి మాత్రం కదలనివ్వలేదు. మిగతా ఎనిమిది మందికీ వేశాను. చివరి చేయి ఆరేదాకా ఇన్‌స్పెక్టరు పక్కనే నిలబడి చూశాడు. తరువాత నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాశాడు. అది పెన్షను నాటిదాకా అందులోనే ఉంది.

శనివారం ఇంకో కబురు వచ్చింది. ఆ తొమ్మిది మందిలో ఒకడైన మల్లేశుకు, అయిదేళ్ల వాడికి, జ్వరం పట్టి ఒళ్లంతా పొక్కులు లేస్తున్నాయని. అవి టీకా పొక్కులు కావు. లెక్క వేసి చూశాను. నేను మొదటిసారి వేసిన నాటికే వాడికి ఆ జబ్బు సోకి ఉండాలి. ఆ రోజు మంచి మందు పడి ఉంటే బహుశా తప్పేది. నియమం ప్రకారం గొట్టాలు పారేసి అయిదు రోజులు ఆగి ఉంటే తప్పేదో లేదో తెలియదు. ఈ లెక్కను నలభై ఏళ్లుగా వేస్తున్నాను. ఒక్కోసారి ఒక్కో రకంగా తేలుతుంది. మల్లేశు బతికాడు. ముఖం నిండా మచ్చలు మిగిలాయి. తరువాత మేడ్చల్ బజారులో కూరగాయలు అమ్మేవాడు. నన్ను గుర్తుపట్టి దండం పెట్టేవాడు. ఆ దండం తీసుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

వాడు బతుకుతాడో లేదో తెలియని ఆ ఆదివారమే ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల పండుగ, నెల మొదటి ఆదివారం కూడా. ఏలియమ్మను బండి మీద తీసుకువచ్చి ముందు చాప మీద గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. వెనక బెంచీలో కూర్చోవడానికి అంతకు మించిన కారణం నాకు ఎన్నడూ లేదు. పాస్టరు గారు బల్ల మీద గుడ్డ తీసి, రండి అన్నారు. ప్రతి నెలా అనే మాటే.

నేను ఖాసింబీతో అన్న మాటలు అప్పుడు నాకే వినబడ్డాయి. నన్ను నమ్మకు. నా యకీనుతో మందుకు పని లేదు. ఆరు నెలలుగా నేను నా నమ్మకాన్నే తడుముకుంటూ, అది లేదు కనుక వెనక కూర్చున్నాను. బల్ల మీద ఉన్నదాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇది ఏదో గొప్ప వెలుగులా వచ్చిందని అనుకోకండి. తల ఇంకా తిరుగుతూనే ఉంది. మల్లేశు కళ్ల ముందు నుంచి పోలేదు. సరైన పనో కాదో తెలియకుండానే లేచి ముందుకు నడిచాను. సుగుణమ్మ వదిలి ఉంచిన చోటులో మోకరించాను. ఆమె నా వైపు చూడలేదు, చీర కొంగు మాత్రం కొంచెం తన వైపు లాక్కుంది. రొట్టె రొట్టెలాగే ఉంది. లోపల ఏమీ వెలగలేదు. ఆమేన్ అని మాత్రం అన్నాను. అది కూడా ఏలియమ్మ గట్టిగా అన్నాక, ఆమె వెనక.

తరువాతి మంగళవారం శామీర్‌పేట పోయాను. రబియా చేతి మీద నాలుగు పొక్కులు నిండుగా లేచి ఉన్నాయి. ఆ పిల్ల ఇంకా నా మీద కోపంగానే ఉంది. ఖాసింబీ ఆ చేయి చూపించి, “ఇప్పుడు యకీన్ వచ్చిందా బేటా?” అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. ఆమె నవ్వి, “మందు పట్టింది గదా” అంది.

ముప్పై ఏళ్లు అదే ఉద్యోగం చేశాను. ఆ మార్చి నెల నాకు నేర్పింది రెండు సంగతులు. ఒకటి పనికి సంబంధించింది: బిడ్డ చేయి ముట్టుకునే ముందు కుండను ముట్టుకుని చూడాలి, వేడిగా ఉంటే ఎవరు ఎదురుచూస్తున్నా, ఎంత సిగ్గైనా, అక్కడే చెప్పేయాలి. రెండోది నమ్మకానికి సంబంధించింది: నాకు అది ఎంత ఉందని ఆ తరువాత ఎవరు అడిగినా నేను కొలిచి చెప్పలేదు. కొన్ని ఏళ్లు బాగానే ఉండేది, కొన్ని ఏళ్లు అసలు కనబడేది కాదు. రెండు రకాల ఏళ్లలోనూ నెల మొదటి ఆదివారం ముందు చాప మీదే కూర్చున్నాను.